పొరుగు రాష్ట్రంలో చవకైన పిస్తోలు: అమెరికాలో బేరం ఎంతవరకు, చట్టం ఎక్కడ

హద్దు దాటితే ధర మారుతుందన్న సంగతి సరిహద్దు గ్రామాల వారికి ఒకరు చెప్పవలసినది కాదు. యానాంలో పెట్రోలు కాకినాడ కంటే చవక. ఆదోని, రాయదుర్గం ప్రాంతాల వాహనదారులు బళ్ళారి వైపు వెళ్ళినప్పుడు ట్యాంకు నింపుకొని తిరిగి రావడం పరిపాటి. ఏ సరకు ఏ రాష్ట్రంలో చవకైతే అక్కడ కొనుక్కోవడం, మనం వెళ్ళలేకపోతే అక్కడ ఉన్న బంధువు చేత కొనిపించి తెప్పించుకోవడం మన కుటుంబాలలో తరతరాలుగా ఉన్న అలవాట్లు. వీటిలో తప్పు పట్టవలసినది కూడా ఏమీ లేదు.

ఈ అలవాట్లతోనే మన పిల్లలు చదువులకు, ఉద్యోగాలకు అమెరికా వెళుతున్నారు. అక్కడ ఒక్క సరకు విషయంలో మాత్రం ఈ రెండు అలవాట్లూ నేరాల కిందకు వస్తాయి. ఆ సరకు పిస్తోలు. టెక్సాస్, జార్జియా వంటి రాష్ట్రాలలో క్రీడా వస్తువుల దుకాణంలోనే తుపాకుల అద్దాల అరలు కనిపిస్తాయి. "ఇక్కడ అందరూ కొంటారు నాన్నా" అని కుమారుడు ఫోనులో చెబితే, కాదనడానికి తల్లిదండ్రుల వద్ద సమాచారం ఉండదు. 2024లో అమెరికాలో చదువుకుంటున్న తెలంగాణ విద్యార్థి ఒకరు తుపాకి పొరపాటున పేలి మరణించిన వార్తను పాఠకులు చదివే ఉంటారు. ప్రాణభయం ఒక ఎత్తు. చట్టభయం మరొక ఎత్తు. ఈ రెండవదాని గురించి మన పత్రికలలో వచ్చినది తక్కువ కనుక ఈ వ్యాసం.

మన దేశంలో ముందు లైసెన్సు, ఆ తరువాతే ఆయుధం. 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం జిల్లా అధికారి, లేదా కమిషనరేటు ఉన్న నగరంలో పోలీసు కమిషనరు, కారణం విచారించి అనుమతి ఇస్తే తప్ప దుకాణంలో అడుగు పెట్టి ప్రయోజనం లేదు. 2019 సవరణ తరువాత సాధారణ లైసెన్సుదారు ఉంచుకోగల తుపాకులు మూడు నుండి రెండుకు తగ్గాయి. కొడగు వారికి ఉన్న ప్రత్యేక మినహాయింపును విడిచిపెడితే దేశమంతటా ఇదే పద్ధతి. అమెరికాలో ఇందుకు భిన్నంగా దేశవ్యాప్తమైన లైసెన్సు అంటూ లేదు. కొన్ని రాష్ట్రాలు అనుమతి పత్రం అడుగుతాయి, చాలా రాష్ట్రాలు అడగవు. అక్కడ లైసెన్సు తీసుకోవలసినది ముఖ్యంగా అమ్మేవాడు. డీలరు వద్ద కొనేవాని అర్హతను కొనుగోలు సమయంలో తనిఖీ చేస్తారు. కనుక అక్కడ తుపాకి చట్టమంతా దుకాణం బల్ల చుట్టూ తిరుగుతుంది.

ఒకప్పుడు ఈ బల్ల కూడా అవసరం లేకపోయేది. 1963లో అధ్యక్షుడు కెనడీని కాల్చిన రైఫిలు షికాగోలోని ఒక దుకాణం నుండి తపాలాలో వచ్చినది. పత్రికలోని ప్రకటన చూసి, మారుపేరుతో డబ్బు పంపితే దూరదర్శినితో సహా చేతికి అందింది. దాని వెల 19 డాలర్ల 95 సెంట్లు, తపాలా ఖర్చు అదనం. 1968లో మార్టిన్ లూథర్ కింగ్, రాబర్ట్ కెనడీ హత్యలు కూడా జరిగిన తరువాత ఆ ఏడాదే తుపాకుల నియంత్రణ చట్టం వచ్చింది. పిస్తోలు, రివాల్వరు వంటి చేతి తుపాకులను ఏ డీలరూ మరొక రాష్ట్రపు నివాసికి నేరుగా అమ్మి చేతికి ఇవ్వరాదన్నది ఆ చట్టంలోని ముఖ్య నియమం. పొడవు తుపాకుల విషయంలో చట్టం కొంత మెత్తగా ఉంది. మొదట పొరుగున ఉన్న రాష్ట్రం వారు రైఫిలు కొనుక్కోవడానికి వీలిచ్చింది. 1986 సవరణతో, ఉభయ రాష్ట్రాల చట్టాలూ అంగీకరిస్తే, ఏ రాష్ట్రం వారైనా డీలరు దుకాణంలో స్వయంగా హాజరై కొనవచ్చునని విస్తరించింది. చేతి తుపాకికి ఆ వెసులుబాటు రాలేదు. జేబులో ఇమిడే వస్తువు, నేరాలలో ఎక్కువగా కనిపించే వస్తువు కావడమే అందుకు కారణం. ఒక రాష్ట్రం నియమాలు బిగిస్తే పక్క రాష్ట్రం నుండి సంచిలో వేసుకొని రావడం ఎంత సులభమో సారా సంగతి తెలిసిన మన వారికి వేరే చెప్పనక్కరలేదు.

అయితే పొరుగు రాష్ట్రంలోని పిస్తోలు కొననే కూడదా? కొనవచ్చును. ఇక్కడే చాలా మంది తికమకపడతారు. ఒహాయోలోని దుకాణంలో ఉన్న పిస్తోలును టెక్సాస్ నివాసి ఫోనులో బేరమాడి, డబ్బు చెల్లించి కొనవచ్చును. కాని ఆ పిస్తోలు ఒహాయో డీలరు నుండి కొనుగోలుదారుకు రాదు. టెక్సాస్‌లో కొనుగోలుదారు ఎంచుకున్న మరొక లైసెన్సు గల డీలరుకు వెళుతుంది. అందుకు ముందు ఇక్కడి డీలరు తన లైసెన్సు నకలును అక్కడి డీలరుకు పంపాలి. తుపాకి చేరిన తరువాత కొనుగోలుదారు స్వయంగా వెళ్ళి, గుర్తింపు కార్డు చూపి, ఫారం 4473 పూర్తి చేసి సంతకం చేయాలి. డీలరు ఎఫ్‌బీఐ వారి తనిఖీ వ్యవస్థకు, లేదా కొన్ని రాష్ట్రాలలో రాష్ట్ర పోలీసు విభాగానికి, ఆ వివరాలు పంపుతాడు. 1998 నవంబరులో మొదలైన ఈ తనిఖీ తరచు నిమిషాలలో ముగుస్తుంది. "కానివ్వండి" అని జవాబు వస్తే తుపాకి చేతికి వస్తుంది. "ఆగండి" అంటే ఆగాలి. "కుదరదు" అంటే అంతటితో సరి. కాలిఫోర్నియా వంటి చోట్ల తనిఖీ కాకుండా మరో 10 రోజుల నిరీక్షణ ఉంది. అక్కడ డీలరు అమ్మదగిన పిస్తోళ్ళకు రాష్ట్రం వేరుగా జాబితా కూడా పెట్టింది. మ్యాగజైనులో 10 తూటాలకు మించరాదన్న రాష్ట్రాలు కొన్ని ఉన్నాయి. మామూలుగా 15 తూటాల మ్యాగజైనుతో వచ్చే గ్లాక్ 19ను అక్కడికి అలాగే పంపితే అందుకునే డీలరు తిరగగొడతాడు, రానుపోను ఖర్చు కొనుగోలుదారు నెత్తిన పడుతుంది.

ఇద్దరు ప్రైవేటు వ్యక్తుల మధ్య కూడా ఇంతే. వేరే రాష్ట్రంలో ఉండే స్నేహితుని వద్ద డబ్బిచ్చి తుపాకి తీసుకోవడానికి వీలు లేదు, అది కూడా డీలరు ద్వారానే రావాలి. వీలునామా వల్లనో, వారసత్వం వల్లనో సంక్రమించిన తుపాకికి మాత్రం చట్టం మినహాయింపు ఇచ్చింది.

ఇక ధర. కొత్త పిస్తోలుపై బేరానికి చోటు తక్కువ. తయారీ సంస్థలు చాలావరకు, ఇంతకంటే తక్కువ ధరను ప్రకటించరాదని డీలర్లకు షరతు పెడతాయి. ప్రకటించరాదన్నారు కాని అమ్మరాదనలేదు, కనుక ఫోను చేసి అడిగిన వారికి కొంత తగ్గించే దుకాణదారులు ఉన్నారు. కాని కొత్త సరకుపై వారికి మిగిలేదే స్వల్పం. ధర తగ్గించమనడం కంటే అదనపు మ్యాగజైనో, తోలు ఒరో, రెండు పెట్టెల తూటాలో కలిపి ఇమ్మనడం ఫలిస్తుంది. క్రెడిట్ కార్డు రుసుము దుకాణదారుకు భారం కాబట్టి నగదు చూపితే కొంత మెత్తబడతాడు. కాలాన్ని బట్టి కూడా బేరం మారుతుంది. కోవిడ్ ఏడాది 2020లో ఎఫ్‌బీఐ వ్యవస్థ ద్వారా దాదాపు 3 కోట్ల 97 లక్షల తనిఖీలు జరిగాయి. ఆ రోజులలో తూటాల కోసం బారులు తీరారు, బేరమాడినవాడిని దుకాణదారు పట్టించుకోలేదు. గిరాకీ పడిపోయిన ఏడాదిలో అదే దుకాణదారు తానే ఫోను చేస్తాడు.

అసలైన బేరం పాత పిస్తోలు దగ్గర ఉంది. పోలీసు శాఖలు కొత్తవి తీసుకున్నప్పుడు వదిలించుకునే పిస్తోళ్ళు విడిగా అమ్మకానికి వస్తాయి. ఏళ్ళ తరబడి ఒరలో రాసుకొని పైపూత అరిగి ఉంటుంది కాని, లోపల కాల్చినది తక్కువ. చూపుకు బాగోలేదని ధర తగ్గించి అడగడానికి అది మంచి అదను. చీకటిలో మెరిసే గురిచుక్కలు ఉన్నాయని అమ్మేవాడు గొప్పగా చెబితే వాటి వయస్సు అడగాలి. ఆ చుక్కలలోని ట్రిటియం కాంతి సుమారు 12 సంవత్సరాలకు సగానికి పడిపోతుంది. గొట్టం లోపల తుప్పు గుంతలు, రివాల్వరైతే తూటాల చక్రం వదులు, మొదటి పెట్టె, దానితో వచ్చిన మ్యాగజైనుల లెక్క, ఇవన్నీ ధరను పదేసి ఇరవయ్యేసి డాలర్లు కదిలిస్తాయి. ఎద్దుల సంతలో పళ్ళు చూసినట్లే ఇదీ.

దూరపు దుకాణంలో ఈ పరీక్ష వీలు కాదు, ఫొటోలే ఆధారం. అందువల్ల తుపాకి చేరిన తరువాత ఫారంపై సంతకం చేయకముందే విప్పి చూడడం అవసరం. సంతకమై, తనిఖీ పూర్తయి చేతిలోకి తీసుకున్న తరువాత అది పాత వస్తువు అవుతుంది, వాపసు దాదాపు అసాధ్యం. తనిఖీలో "కుదరదు" అని వచ్చినా తుపాకి వెనక్కు వెళుతుంది, చాలా మంది అమ్మకందారులు ధరలో కొంత శాతం కోసుకొని మిగిలినది ఇస్తారు. డబ్బు పంపే ముందే ఈ షరతులు అడిగి తెలుసుకోవడం ఉత్తమం.

పైకి కనిపించే ధరకు, చివరకు చేతి నుండి పోయే సొమ్ముకు ఎంత తేడా ఉంటుందో ఒక లెక్క వేసి చూద్దాం. టెక్సాస్ పట్టణంలో ఒక పిస్తోలు 560 డాలర్లు, వేరే రాష్ట్రపు దుకాణంలో అదే 500 డాలర్లు అనుకుందాం. 60 డాలర్లు మిగులుతాయనిపిస్తుంది. రవాణాకు 30, అందుకున్న స్థానిక డీలరు రుసుము 40 కలిపితే 570. టెక్సాస్‌లో అమ్మకపు పన్ను స్థానిక పన్నుతో కలిపి 8.25 శాతం వరకు ఉంటుంది. బయటి నుండి తెప్పించుకున్నా ఆ రాష్ట్రానికి పన్ను చెల్లించవలసిందే. 500పై అది 41 డాలర్ల 25 సెంట్లు. మొత్తం 611 డాలర్ల 25 సెంట్లు. ఊరిలోని దుకాణంలో 560పై పన్ను 46 డాలర్ల 20 సెంట్లు కలిపితే 606 డాలర్ల 20 సెంట్లు. చవక అనుకున్నదే 5 డాలర్లు ఎక్కువైంది! స్థానికంగా దొరకని పాత నమూనా కావాలంటే తప్ప, ఒకే రకం కొత్త పిస్తోలు కోసం దూరం వెళ్ళినవారు బాగుపడినది తక్కువ. తెలివైనవారు ఆ దూరపు ధరను ఊరి దుకాణదారుకు చూపి, రవాణా, రుసుముల లెక్క కూడా తామే చెప్పి, మధ్యస్థంగా తెగ్గొట్టుకుంటారు.

ఈ రుసుమే ఒక పెద్ద వ్యాజ్యానికి మూలమైంది. 2014లో రాజధాని వాషింగ్టన్ నివాసులైన దంపతులు టెక్సాస్‌లోని ఆర్లింగ్టన్‌లో ఫ్రెడ్రిక్ మాన్స్ అనే డీలరు వద్ద పిస్తోళ్ళు కొనదలచారు. చట్టప్రకారం అవి వాషింగ్టన్‌కు రావాలి. ఆ నగరంలో అప్పట్లో సాధారణ ప్రజలకు ఈ పని చేసిపెట్టే డీలరు ఒకే ఒక్కడు, ఒక్కొక్క తుపాకికి అతని రుసుము 125 డాలర్లు, రవాణా వేరు. హద్దు దాటిన కొనుగోలుపై నిషేధం రాజ్యాంగ విరుద్ధమని వారు డీలరుతో కలిసి కోర్టుకు వెళ్ళారు. 2015లో జిల్లా న్యాయస్థానం వారి పక్షాన తీర్పు చెప్పింది. 2018లో అయిదవ సర్క్యూట్ అప్పీళ్ళ న్యాయస్థానం దానిని తిరగవేసింది. అమ్మే డీలరు 50 రాష్ట్రాల చేతి తుపాకి చట్టాలను తప్పు లేకుండా పాటించగలడని ఆశించలేమన్న ప్రభుత్వ వాదనను అంగీకరించింది. 2020లో సుప్రీంకోర్టు ఆ కేసును విచారణకు స్వీకరించలేదు.

మన కుటుంబాలు ప్రత్యేకంగా తెలుసుకోవలసినది మరొక కేసు. బ్రూస్ అబ్రామ్‌స్కీ వర్జీనియా రాష్ట్రవాసి, మాజీ పోలీసు. ఆయన బంధువు ఒకరు మేరీలాండ్ దాటి ఆవల పెన్సిల్వేనియాలో ఉండేవారు. ఆంగ్లంలో అంకుల్ అనే ఒక్క మాటలో మేనమామ, పెదనాన్న, బాబాయి అందరూ ఇమిడిపోతారు, తీర్పులోనూ ఆ మాటే ఉంది. ఆ పెద్దాయనకు గ్లాక్ 19 కావాలి. పోలీసులకు ఇచ్చే తగ్గింపు ధరకు తాను తీసి ఇస్తానన్నాడు అబ్రామ్‌స్కీ. 2009 నవంబరులో పెద్దాయన 400 డాలర్ల చెక్కు పంపుతూ దానిపై గ్లాక్ 19 కోసమని కూడా వ్రాశారు. అబ్రామ్‌స్కీ వర్జీనియా దుకాణంలో కొన్నాడు. ఫారం 4473లో "ఈ తుపాకిని నిజంగా కొంటున్నది మీరేనా" అనే ప్రశ్నకు అవునని గుర్తు పెట్టాడు. ఆ తరువాత దొంగచాటుగా ఇవ్వలేదు. పెన్సిల్వేనియాలో లైసెన్సు గల డీలరు వద్దకు తీసుకువెళ్ళి, అక్కడ పెద్దాయన పేరున మళ్ళీ ఫారం నింపించి, తనిఖీ చేయించి అప్పగించాడు. తుపాకి కలిగి ఉండడానికి ఆ పెద్దాయనకు ఏ అనర్హతా లేదు.

అయినా నేరమే అయింది. వేరొక దర్యాప్తులో సోదా జరిగినప్పుడు ఆ చెల్లింపు రసీదు దొరికింది. ఫారంలో అవునన్న జవాబు అబద్ధమని కేసు పెట్టారు. పెద్దాయన అర్హుడే కదా, అబద్ధం వల్ల ఎవరికి నష్టమని అబ్రామ్‌స్కీ వాదన. 2014 జూన్‌లో సుప్రీంకోర్టు 5-4 తేడాతో దానిని తోసిపుచ్చింది. బల్ల ముందు నిలుచున్న మనిషిని తనిఖీ చేయడమే చట్టం ఉద్దేశమనీ, డబ్బు పెట్టి కొనిస్తున్నవాడు తెర వెనుక ఉంటే ఆ తనిఖీకి అర్థం లేదనీ న్యాయమూర్తి ఎలీనా కేగన్ వ్రాసిన తీర్పు సారాంశం. శిక్ష అయిదేళ్ళ పర్యవేక్షణ. జైలు తప్పినా నేరస్థుడన్న ముద్ర తప్పలేదు. తగ్గింపు కింద మిగిలిన కొద్ది డాలర్ల కోసం!

ఈ కేసును మన పద్ధతులతో పోల్చి చూడండి. తమ్ముని పేరున మోటారు సైకిలు, బావమరిది కార్డుపై సరకులు, తెలిసినవారి తగ్గింపు కూపను మనకు సహజం. డాలసులో ఉన్న గ్రీన్ కార్డు స్నేహితుడు "నేను తీసిపెడతాను, డబ్బు పంపు" అంటే మనవాడికి ఉపకారంగానే తోస్తుంది. సొంత డబ్బుతో కొని నిజమైన బహుమతిగా ఇవ్వడం వేరు, పుచ్చుకునేవాడు అర్హుడైతే దానిని చట్టం అనుమతిస్తుంది. ఇతరుల డబ్బుతో, ఇతరుల కోసం కొనడం వేరు. ఫారంలో అబద్ధానికి గరిష్ఠ శిక్ష 10 ఏళ్ళు. 2022 చట్టం మారుకొనుగోలును విడి నేరంగా చేసి 15 ఏళ్ళ వరకు శిక్ష పెట్టింది.

అందులోనూ మన పిల్లలలో ఎక్కువమంది పుచ్చుకోవడానికే అర్హులు కారు. 1998 నుండి తాత్కాలిక వీసాపై దేశంలోకి వచ్చినవారు తుపాకి గాని తూటా గాని కలిగి ఉండరాదన్నది సమాఖ్య చట్టం. ఎఫ్-1 విద్యార్థి, హెచ్-1బి ఉద్యోగి, హెచ్-4పై వెళ్ళిన భార్య, మనవడిని చూడడానికి సందర్శక వీసాపై వెళ్ళిన అమ్మమ్మ, తాతయ్య అందరూ ఇందులోకి వస్తారు. చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు ఉంటే మినహాయింపు ఉంది. కొందరు విద్యార్థులు ఈ సందును పట్టుకొని ఆన్‌లైనులో వేట లైసెన్సు తీసుకుంటున్నారు. అది గడువు తీరిన మరునాడు అలమరలోని పిస్తోలు నేరమవుతుందన్న సంగతి మరచిపోతారు. రాష్ట్ర చట్టాలు అదనంగా ఉండనే ఉన్నాయి. గ్రీన్ కార్డు ఉన్నవారు మాత్రం పౌరుల వలె కొనవచ్చును.

కొనలేదు, అద్దెకు తీసుకొని కాల్చామంతే అన్నా తప్పించుకోలేరు. హమీద్ రెహైఫ్ అరబ్ ఎమిరేట్స్ నుండి ఫ్లోరిడాకు చదువుకు వచ్చిన విద్యార్థి. మార్కులు రాక కళాశాల తొలగించడంతో వీసా హోదా పోయింది. ఆ తరువాత కూడా కాల్పుల అభ్యాస కేంద్రానికి వెళ్ళి అద్దె తుపాకులతో కాల్చాడు, తూటాలు కొన్నాడు. దానికి 18 నెలల జైలు పడింది. హోదా పోయిందని అతనికి తెలుసునని ప్రభుత్వం నిరూపించాలని 2019లో సుప్రీంకోర్టు ఆ తీర్పును తిప్పిపంపింది గాని, అప్పటికి ఆ యువకుని చదువూ బ్రతుకూ ఏమయ్యాయో ఊహించవచ్చును. 2022 నుండి అనర్హుడు తుపాకి కలిగి ఉండడానికి గరిష్ఠ శిక్ష 10 నుండి 15 ఏళ్ళకు పెరిగింది. తుపాకి నేరం రుజువైతే గ్రీన్ కార్డు ఉన్నవారిని సైతం దేశం నుండి పంపివేయవచ్చును. అభ్యాస కేంద్రంలో పిస్తోలు పట్టుకొని తీయించుకున్న ఫొటోను గ్రామంలో అందరికీ చూపి మురిసిపోయే తల్లిదండ్రులు ఇది గమనించగలరు.

అన్న పౌరుడు, తమ్ముడు హెచ్-1బి, ఇద్దరిదీ ఒకే ఇల్లు అయితే అన్న తుపాకి తాళం వేసిన పెట్టెలో ఉండాలి, ఆ తాళం తమ్ముని చేతికి అందరాదు. తమ్ముడు ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసుకోగలిగితే అది అతని వద్ద ఉన్నట్లేనని న్యాయస్థానాలు భావిస్తాయి.

చివరగా, పిల్లలను చూసి తిరిగివచ్చే పెద్దలకు. అభ్యాస కేంద్రంలో నేలపై దొరికిన తూటానో, ఖాళీ గుండ్ల మధ్య కలిసిపోయిన పేలని తూటానో మనవడు జ్ఞాపకంగా సంచిలో వేస్తాడు. సందర్శక వీసాపై ఉన్నవారి వద్ద ఆ ఒక్క తూటా ఉండడమే అక్కడ నిషిద్ధం. ఇక్కడ విమానాశ్రయ తనిఖీలో అది బయటపడితే 1959 ఆయుధాల చట్టం కింద కేసు నమోదవుతుంది, తెలియక తెచ్చామని నిరూపించుకోవడానికి హైకోర్టు దాకా తిరిగినవారు ఉన్నారు. సూట్‌కేసు సర్దేటప్పుడు పక్క జేబులు కూడా ఒకసారి దులిపి చూసుకోగలరు.